పెట్రోల్ తప్పా, బ్రేకు తప్పా?

నిజామాబాద్ రోడ్ల మీద ఏపీ 25 నంబరు ప్లేటు కనబడితే ఆ బండి వయసు వేరే అడగక్కర్లేదు. తెలంగాణ వచ్చాక, 2014 జూన్ నుంచి జిల్లాకు టీఎస్ 16 ఇచ్చారు. 2024 మార్చి నుంచి అది టీజీ 16 అయింది. ఏపీ 25 అంటే ఎంత తక్కువ వేసుకున్నా పదేళ్లు దాటిన బండి. వాటిలో మారుతి 800లే ఎక్కువ. ఓమ్నీలు, జెన్‌లు ఉన్నాయి. ఎక్కడో ఒక రైసుమిల్లు షెడ్డులో టార్పాలిన్ కింద ఒక అంబాసిడర్ ఉంటుంది. మారుతి 800 తయారీ 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. కంపెనీలు ఆపేశాయి గాని వర్ని నుంచి, కోటగిరి నుంచి, ఎడపల్లి నుంచి ఆసుపత్రి పనికో, బ్యాంకు పనికో, పెళ్లికో ఆ బండ్లు పట్నానికి వస్తూనే ఉన్నాయి.

ఈ అధ్యాయం ఆ బండ్ల యజమానుల కోసం, అందులోనూ కార్బురేటర్ బండ్లు ఉన్నవాళ్ల కోసం. ఇంజెక్షన్ బండికి పెట్రోల్ వైపు పరీక్షలు కొన్ని మారతాయి. బ్రేకుల వైపు దాదాపు అన్నీ అవే.

పాత కారు మీద వినబడే ఫిర్యాదులు నాలుగే నాలుగు. పెట్రోల్ తాగుతోంది, లాగడం లేదు, నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, బ్రేకు పట్టడం లేదు. మొదటి మూడింటినీ పెట్రోల్ ఖాతాలో, నాలుగోదాన్ని బ్రేకు ఖాతాలో రాసెయ్యడం అందరికీ అలవాటు. కొత్త బండిలో ఆ లెక్క సరిపోతుంది. పాత బండిలో మాత్రం ఒక ఖాతాలోని అప్పు తరచు రెండో ఖాతాలో తేలుతుంది. అది చూసుకోకుండా సామాను కొంటే కార్బురేటర్ కొత్తదవుతుంది, రోగం పాతదే ఉంటుంది.

అర్సపల్లి వైపు, బోధన్ రోడ్డు మీద ఉండే షెడ్లలో ఇలాంటి పంచాయితీ రోజూ నడుస్తుంది. వర్ని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బండి దిగుతూనే మొదలుపెట్టాడు.

“భాయ్, గీ కొత్త పెట్రోల్ కొంప ముంచింది. లీటరుకు పదిహేను వచ్చే బండి పది గూడ ఇస్తలేదు. కార్బురేటర్ మార్చెయ్.”

మెకానిక్ బానెట్ ముట్టుకోలేదు. బండి చుట్టూ నడిచి, ఒక్కొక్క చక్రం దగ్గర వంగి, చెయ్యి వెనక వైపు రిమ్ముకు దగ్గరగా పెట్టి చూశాడు. ఎడమ వెనక చక్రం దగ్గర చటుక్కున చెయ్యి తీసేశాడు.

“కాకా, ఊరి నుంచి బ్రేకేస్కొనే వచ్చినవా?”

“బ్రేకెందుకేస్త? కాలు గూడ పెట్టలే.”

“నువ్వు పెట్టలే. బండి పెట్టింది.”

జాకీ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ పైతొడుగు చినిగి, అందులోకి పొలం బురద పోయింది. అది ఎండి, కేబుల్ తుప్పు పట్టి అక్కడికక్కడే బిగుసుకుంది. లివర్ కిందికి దించినా డ్రమ్ము లోపల లైనర్లు వెనక్కి రావడం లేదు. ఇంజన్ ఒక పక్క లాగుతుంటే వెనక చక్రం ఇంకో పక్క పట్టుకుని ఉంది. ఆ మధ్యలో కాలిపోయిందంతా పెట్రోలే. కేబుల్ మారింది, డ్రమ్ములు విప్పి శుభ్రం చేశారు. కార్బురేటర్‌కు పాన కూడా తగలలేదు.

ఇందులో మెకానిక్ గొప్పతనమల్లా ఒకటే. బండి యజమాని చెప్పిన తీర్పు వినకుండా, ఖర్చులేని పరీక్ష ముందు చేశాడు. మీరూ అదే చెయ్యాలి. మైలేజ్ పడిపోయిందనుకుంటే ఏమీ విప్పకముందే బండిని ఓ పది కిలోమీటర్లు, వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ నడపండి. ఆపి నాలుగు చక్రాల రిమ్ములూ చూడండి. వేళ్లతో పట్టుకోవద్దు, నిజంగా కాలుతుంది. చెయ్యి వెనక వైపు దగ్గరగా పెడితే చాలు. ముందువి రెండూ ఒకలా, వెనకవి రెండూ ఒకలా ఉండాలి. ఒకటి మాత్రం సెగ కొడుతుంటే మీ పెట్రోల్ అక్కడ పోతోంది. తరవాత చదునైన చోట గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు కొంచెం దూరంలో రాళ్లు పెట్టి, తోసి చూడండి. మారుతి 800ను ఒక్క మనిషి సులువుగా కదిలించగలగాలి.

అయినా ఆ పెద్దమనిషి పెట్రోల్‌ను అనుమానించడంలో న్యాయం లేకపోలేదు. పెట్రోల్ మారిన మాట నిజం. పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం దేశం 2022 జూన్‌లో చేరింది. 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లోకీ వచ్చేసింది. ఆలోచన మాత్రం కొత్తది కాదు. చక్కెర ఫ్యాక్టరీల మడ్డి నుంచి తీసిన సారాన్ని పెట్రోల్‌లో కలపడానికి ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం 1948లోనే వచ్చింది. బోధన్ వాళ్లకు ఇందులో ఒక చేదు కూడా ఉంది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో మూతపడింది. శక్కర్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ ఆగిపోయాక, దేశంలోని ప్రతి పెట్రోల్ బంకులోకీ చెరకు సారం వచ్చింది. ఇప్పుడా ఇథనాల్‌లో మక్కలదీ, నూకలదీ వాటా కూడా పెద్దదే అనుకోండి.

ఇథనాల్‌లో ఉండే శక్తి, అంతే పెట్రోల్‌లో ఉండే శక్తి కన్నా సుమారు మూడో వంతు తక్కువ. పాత ప్రమాణాలకు తయారైన కార్లలో ఈ20 వల్ల మైలేజ్ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఈ అంకె మీకు చాలా పనికొస్తుంది. 15 ఇచ్చే బండి 14కు పడిందంటే అది పెట్రోల్ గుణం, దానికి మందు లేదు. 10కి పడిందంటే పెట్రోల్‌ను తిట్టడం ఆపి బండిని వెతకండి. అయితే ఈ 15, 14 అనేవి మీటరు ముల్లు చూసి చెప్పే లెక్కలు కాకూడదు. ట్యాంకు నిండుగా పోయించి కిలోమీటర్లు రాసుకుని, మళ్లీ నిండుగా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి భాగించాలి. ఒకసారి కాదు, వరుసగా కొన్ని సార్లు చెయ్యాలి. డాష్‌బోర్డు కింద ఒక చిన్న నోటుబుక్కు పడేసి ఉంచుకుంటే ఏ మెకానిక్కూ మిమ్మల్ని మాటలతో తిప్పలేడు.

మైలేజ్ కన్నా పాత బండికి ఇథనాల్ చేసే అసలు చెరుపు వేరు. అది నీటిని లాక్కుంటుంది. దీన్ని కళ్లారా చూడాలంటే, స్కూలు ల్యాబులో ఉండే 100 మిల్లీలీటర్ల కొలగాజు ఒకటి తెచ్చుకోండి. ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా, అందులో 20 మి.లీ. నీళ్లు పోసి, పైన 80 మి.లీ. ఈ20 పెట్రోల్ పొయ్యండి. మూతి మూసి మెల్లగా అటూ ఇటూ వంచి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పెట్రోల్ పైకి తేలుతుంది, నీళ్లు కిందికి దిగుతాయి. కాని కింది పొర ఇప్పుడు 20 దగ్గర ఉండదు, 36 దాకా పెరిగి ఉంటుంది. పెరిగిన ఆ పదహారూ పెట్రోల్‌ను వదిలి నీళ్లలో చేరిన ఇథనాల్. చూశాక ఆ మిశ్రమాన్ని మళ్లీ ట్యాంకులో పొయ్యకండి, మోరీలోనూ పొయ్యకండి.

ట్యాంకులో జరిగేదీ ఇదే. కొద్దిపాటి తేమను ఇథనాల్ తనలో కలిపేసుకుంటుంది, ఇంజన్‌కు పెద్దగా తెలియదు. అంతకు మించి నీళ్లు చేరితే ఇథనాల్‌తో సహా విడిపోయి అడుగున కూర్చుంటాయి. పంపు పీల్చేదీ అడుగు నుంచే. వానాకాలంలో మూత రబ్బరు ఎండిపోయిన కారును బయట పెట్టి, నెల తరవాత స్టార్ట్ చేస్తే ఒక దగ్గు దగ్గి ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఫిల్టర్ విప్పి అందులోని పెట్రోల్‌ను గాజుసీసాలోకి వంచి చూడండి. అడుగున వేరే పొరగానో, బొట్లుగానో కదిలేది కనబడితే కార్బురేటర్ తప్పేం లేదు. ట్యాంకు ఖాళీ చేయించి కడిగించాలి. బంకు మీదే అనుమానమైతే గొడవ పడనక్కర్లేదు. ఫిల్టర్ పేపర్ పరీక్ష, 5 లీటర్ల కొలత పరీక్ష అడిగే హక్కు మీకుంది. బిల్లు తీసుకుని అడగండి.

ఇథనాల్ ఇంకో పని చేస్తుంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి ముందుకు తోస్తుంది. ఆ కచరా అంతా ఫిల్టర్‌లోనూ, అది దాటితే జెట్లలోనూ కూర్చుంటుంది. కొత్త పెట్రోల్ మొదలైన రోజుల్లో ఫిల్టర్ త్వరగా నిండిపోతే కంగారుపడొద్దు, వంద రూపాయల లోపు సామాను, మార్చి పారెయ్యండి. రబ్బరు పైపుల సంగతి వేరు. పాత రకం రబ్బరు ఈ పెట్రోల్‌కు ఉబ్బి, మెత్తబడి, తరవాత పగులుతుంది. పైపును వేళ్ల మధ్య వంచి చూడండి. సన్న చీలికలు కనబడినా, చేతికి నల్లగా అంటినా మార్చాల్సిందే. షాపులో ఈ20కి పనికొచ్చే పెట్రోల్ పైపు అని అడిగి తీసుకోండి. మోటారు సైకిళ్లకు వేసే పారదర్శకపు ప్లాస్టిక్ పైపు చవకగా దొరుకుతుంది, కారుకు వెయ్యొద్దు. కొన్నాళ్లకే గట్టిపడి క్లిప్పు దగ్గర జారుతుంది. కింద సైలెన్సర్ పైపు కాలుతూ ఉంటుంది.

పెట్రోల్ అందుతోందా లేదా

ఇంజన్ తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. ముందు ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు రావడం లేదు, లేదా పెట్రోల్ మరీ ఎక్కువై మునిగింది. ఈ ఒక్క చూపుతో సగం దారి తేలిపోతుంది.

పొడిగా ఉందనుకుందాం. ట్యాంకు మూత తెరవండి. ‘హుస్’ మని గాలి లోపలికి పోయి, తరవాత బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్న మాట. మనవైపు దుమ్ముకు ఇది తరచు జరిగేదే, అయినా ఎవరికీ మొదట తట్టదు. అది కాకపోతే కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి ఒక సీసాలో పెట్టండి. ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, ఇంకొకరిని కొద్ది సేపు సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోల్ ఆగి ఆగి, బలంగా చిమ్మితే పంపు బాగుంది, తప్పు కార్బురేటర్‌లో ఉంది. చిమ్మకపోతే పంపును నిందించే ముందు పంపుకూ ట్యాంకుకూ మధ్య పైపు చూడండి. ఆ పైపులో పెట్రోల్‌ను తోసే ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. అందుకే అక్కడ చీలిక ఉన్నా బొట్టు కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. బాగున్న పంపులు ఈ కనబడని చీలిక వల్లే ఎన్నో చెత్తబుట్టల్లో పడ్డాయి.

కార్బురేటర్ వరకు వస్తే, పరుగులో బాగుండి సిగ్నల్ దగ్గర నిలబెట్టగానే ఆగిపోయే బండికి స్లో జెట్ మూసుకుని ఉంటుంది, లేదా సోలినాయిడ్ పనిచేయడం లేదు. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పి చెవి పెట్టండి, ‘టిక్’ మని సన్నగా వినబడాలి. వినబడకపోతే దాని వైరు ఊడిందేమో చూడండి. జెట్టు రంధ్రంలో వైరు ముక్క పెట్టి కెలకనివ్వొద్దు. ఒక్కసారి రంధ్రం పెద్దదైతే ఇక ఆ ట్యూనింగ్ జన్మలో కుదరదు. కార్బురేటర్ క్లీనర్‌తో కడిగి గాలి కొడితే చాలు.

ఏప్రిల్, మే నెలలది ఇంకో ఆట. 45 డిగ్రీల ఎండలో ఫంక్షన్ హాల్ దాకా చక్కగా వచ్చిన బండి, పావుగంట ఆపి మళ్లీ కదిలిద్దామంటే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు. పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరైపోయింది. మెకానిక్కులు దీన్ని ఎయిర్ లాక్ అంటారు. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, ఆరనియ్యండి. అంబాసిడర్ డ్రైవర్ల పాత వైద్యం ఇది, ఇప్పటికీ పనిచేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం నీళ్లు పడనివ్వొద్దు. వేడెక్కి చెడిపోయే కాయిల్ కూడా అచ్చం ఇవే లక్షణాలు చూపిస్తుంది. తేడా తెలియాలంటే ఆగిపోయిన ఆ క్షణంలోనే నిప్పు వస్తోందో లేదో చూడాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే ఉంటాయి, మీరు అమాయకంగా ఇంటికి పోతారు.

బ్రేకుల వైపు

ఇక్కడ ఒక కట్టుబాటు. పెట్రోల్ వైపు తప్పు జరిగితే బండి ఆగుతుంది. బ్రేకు వైపు తప్పు జరిగితే ఆగదు. అందుకని రెండు ఫిర్యాదులూ ఒకేసారి ఉన్న బండిలో బ్రేకులు తేలేదాకా ఇంజన్ పని ముట్టుకోవద్దు. నెలలుగా షెడ్డులో పడి ఉన్న కారును మొదట స్టార్ట్ చేసి చూద్దామనిపిస్తుంది. స్టార్టయితే గేటు దాకా తెద్దామనిపిస్తుంది. గేటు దాకా వచ్చాక మెయిన్ రోడ్డు ఎంత దూరం? ఆ సంబరంలోనే గోడలు కూలుతాయి.

బ్రేక్ ఆయిల్‌ను ఆయిల్ అంటాం గాని అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. ఇథనాల్‌కు ఉన్న బుద్ధే దానికీ ఉంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీసం 140కి దిగుతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచి దిగారనుకోండి, పాతబడ్డ ద్రవం చక్రాల దగ్గర మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలుగా అయిపోతుంది, అందుకే యజమాని నమ్మడు. గేరు తగ్గించి దిగడం ఒక మందు, రెండేళ్లకోసారి ద్రవం పూర్తిగా మార్చడం అసలు మందు. డబ్బా మూత తెరిచాక నెలలు నిలవుంచిన బ్రేక్ ఆయిల్ పొయ్యొద్దు. దొరకలేదని ఇంజన్ ఆయిల్ పోస్తే ఇక వాషర్లన్నీ ఉబ్బి మాస్టర్ సిలిండర్ నుంచి వీల్ సిలిండర్ల దాకా మొత్తం మార్చాలి. ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

పెడల్ మీద కాలు పెట్టి వినడం నేర్చుకోవాలి. ఇంజన్ ఆపి, పెడల్‌ను గట్టిగా, ఒకే బలంతో అర నిమిషం తొక్కి పట్టండి. అది నింపాదిగా కిందికి దిగుతూ పోతుంటే, ఎక్కడా బయట కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ పోయింది. మొదటి తొక్కుకు లోతుగా పోయి, రెండో మూడో తొక్కుకు పైకి నిలబడితే వెనక లైనర్లు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయి, అడ్జస్ట్ చెయ్యాలి. మెత్తగా, స్పాంజిలా ఉంటే పైపుల్లో గాలి ఉంది. బండి ఒక పక్కకు లాగితే అటు బ్రేకు ఎక్కువ పడుతోందని కాదు, చాలాసార్లు రెండో పక్కది పట్టడం లేదని. టైర్ల గాలి చూసి, తరవాత పట్టని చక్రం విప్పండి. టైరు లోపలి అంచు జిడ్డుగా తడిసి ఉంటే వీల్ సిలిండర్ కారుతోంది, లైనర్లు కూడా తడిసిపోయి ఉంటాయి. తడిసిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేసే పొదుపు వద్దు. రెండు పక్కలా కొత్తవి వెయ్యండి.

జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టకండి, స్టాండు పెట్టాకే. డ్రమ్ములోని ధూళిని గాలి కొట్టి ఊదనివ్వొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, తడిపి తుడవాలి.

గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి, ఇద్దరికీ ఓపిక కావాలి. చాలా బండ్లలో మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, చివరికి కుడి ముందు చక్రానికి వస్తారు. నిపుల్‌కు సన్న పైపు తొడిగి, దాని కొస ద్రవం పోసిన సీసాలో మునిగి ఉండాలి. లోపలివాడు తొక్కి పట్టాక బయటివాడు నిపుల్ వదులు చెయ్యాలి, బిగించాక లోపలివాడు కాలు తియ్యాలి. ఈ వరుస ఒక్కసారి తప్పినా గాలి మళ్లీ లోపలికే పోతుంది. పైన డబ్బాలో మట్టం పడిపోకుండా మూడో కన్ను ఒకటి ఉంచాలి.

బోధన్ వైపు బండ్లకు కాలాన్ని బట్టి వచ్చే జబ్బు ఒకటుంది. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కినప్పుడు, చెరకు ట్రాలీలు పొలం నుంచి బయటికొచ్చినప్పుడు, తారు మీద నల్లరేగడి పరచుకుంటుంది. వాన పడితే జారుడు, ఎండితే ధూళి. రెండూ డ్రమ్ముల్లోకి చేరతాయి. నీళ్లలోంచి దాటాక కొంత దూరం నెమ్మదిగా పోతూ బ్రేకును కొంచెం కొంచెం తొక్కి ఆరబెట్టుకోండి. వానాకాలంలో బండిని రోజుల తరబడి ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వెయ్యొద్దు, లైనర్లు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుంటాయి. గేరులో పెట్టి చక్రాలకు రాళ్లు పెట్టండి. ముందు చక్రం వేడెక్కుతోందంటే అది హ్యాండ్ బ్రేక్ కాదు, క్యాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి ఉండొచ్చు. లేదా రబ్బరు బ్రేక్ పైపు లోపల ఉబ్బి, ద్రవాన్ని పోనిస్తూ వెనక్కి రానివ్వడం లేదు. బండి పట్టుకున్నప్పుడు ఆ చక్రం నిపుల్ వదులు చెయ్యండి. ద్రవం చిమ్మి చక్రం వదిలేస్తే పిస్టన్ కాదు, పైపే.

రెండు ఖాతాలూ కలిసే చోటు

బ్రేకు తొక్కగానే ఇంజన్ ఆగిపోతోంది. ఈ ఫిర్యాదును ఎక్కువమంది ఐడిలింగ్ స్క్రూ పెంచి పంపించేస్తారు. నాకు అది మోసంలాగే కనబడుతుంది. బూస్టర్ ఉన్న బండిలో బ్రేకుకు సాయం చేసేది ఇంజన్ పీల్పే. మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు లావుపాటి పైపు ఒకటి ఉంటుంది. ఆ పైపు చీలినా, బూస్టర్ లోపలి రబ్బరు పొర చినిగినా, తొక్కినప్పుడల్లా ఇంజన్‌లోకి అదనపు గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ ఆగుతుంది. ఈ20లో మిశ్రమం ముందే కాస్త పలచన, కాబట్టి ఇదివరకు తెలియని చిన్న చీలిక ఇప్పుడు తెలుస్తుంది. జనం పెట్రోల్‌ను తిడతారు.

పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడనివ్వండి. కాలు దానిమీదే ఉంచి స్టార్ట్ చెయ్యండి. పెడల్ కొంచెం కిందికి జారితే బూస్టర్ పనిచేస్తోంది. జారకపోతే లేదు. రెండోది, నిలిపి ఉంచిన బండిలో బూస్టర్ పైపును మానిఫోల్డ్ దగ్గర తీసి, ఆ రంధ్రాన్ని మూసి ఐడిలింగ్ చూడండి. ఇంజన్ ఒక్కసారిగా సర్దుకుంటే దొంగ దొరికాడు. ఆ స్థితిలో బండి మాత్రం నడపొద్దు, పెడల్ రాయిలా ఉంటుంది.

తిరగేసినా ఇదే కథ. పెడల్ గట్టిగా ఉంది, ఎంత తొక్కినా బండి ఆగడం లేదని ప్యాడ్లు మార్పించుకునేవాళ్లుంటారు. ఇంజన్ మిస్సింగ్ కొడుతున్నా, టైమింగ్ తప్పినా, మానిఫోల్డ్ గాస్కెట్ లీకైనా పీల్పు తగ్గి బూస్టర్ నీరసపడుతుంది. అప్పుడు బ్రేకు జబ్బుకు మందు ఇంజన్‌లో ఉంటుంది.

అందుకే మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు సామాను పేరు చెప్పకండి, జరిగింది చెప్పండి. “కార్బురేటర్ మార్చు” అనడం కన్నా “వేడి బండి పావుగంట ఆపితే మళ్లా స్టార్ట్ అయితలేదు, చల్లారితే అయితది” అనండి. ఎప్పుడు, ఎంత వేగంలో, ఎంత దూరం పోయాక, బ్రేకు తొక్కినప్పుడా తొక్కనప్పుడా అనేవి మీకు తప్ప అతనికి తెలిసే దారి లేదు. ఒక్కసారికి ఒక్కటే మార్పించండి. మూడు సామాన్లు ఒకేసారి వేస్తే ఏది రోగమో మీకూ తెలియదు, అతనికీ తెలియదు, వచ్చే ఏడాది మళ్లీ మూడూ కొంటారు. తీసేసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి, ఎందుకు చెడిందో అడగండి. మంచి పనివాడు సంతోషంగా చూపిస్తాడు. ఏళ్ల తరబడి ఒకే రకం బండి విప్పిన ఉస్తాద్‌లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్లకు ఇచ్చే మజూరీలో బేరం ఆడకండి. సామాను దగ్గర ఎంతైనా ఆడుకోండి.

పని అయ్యాక బండిని నేరుగా జానకంపేట రోడ్డెక్కించకండి. ముందు షెడ్డు ముందే నడక వేగంలో ఆపి చూడండి. తరవాత ఖాళీ రోడ్డు మీద 30లో, ఆ పైన 40లో. స్టీరింగ్‌ను వదులుగా పట్టుకుని తొక్కితే బండి తిన్నగా ఆగాలి. దిగి మళ్లీ రిమ్ములు చూడండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో గీత గీయండి.

ఆ రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క ఒకటి పరవండి. తెల్లారి చూస్తే ఇంజన్ కింద నల్ల మరక ఉంటే ఇంజన్ ఆయిల్, పాత బండికి అది కొంచెం మామూలే. పెట్రోల్ మరక మిగలదు, వాసన మిగులుతుంది. వాసన వస్తే లైటు స్విచ్చి కూడా వెయ్యకుండా తలుపులు తెరవండి. చక్రానికి లోపలి వైపు, పలచగా, లేత పసుపుగా, వేలితో రాస్తే జారుడుగా ఉన్న తడి కనబడితే అది బ్రేక్ ఆయిల్. డబ్బా మీది గీత చూడండి. మట్టం వెంట్రుకంత దిగినా తాళం జేబులోనే ఉంచి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.